డేట్ అడిగితే "ఇప్పుడే చెప్పలేను" అన్న సాఫ్ట్‌వేర్ టీమ్: ఐదుకి నాలుగు

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కూడా రాస్తాను. విశాఖలో సిరిపురం దగ్గర నలుగురు కలిసి నడుపుకుంటున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఒకటి మా షాపుకి ఖాతాలు, బిల్లులు చూసుకునే యాప్ చేసిపెట్టింది. పేరు రాయట్లేదు. మెచ్చుకోవడంతో పాటు నాలుగు తిట్లు కూడా ఉన్నాయి ఇందులో, నలుగురున్న ఆఫీసు మీద ఒక్క పోస్టు పైకొచ్చి కూర్చుంటే వాళ్ళకి ఏడాదంతా అదే తలనొప్పి.

మాది ఫిషింగ్ హార్బర్ దగ్గర షాపు. ఐస్, బియ్యం, పప్పు, ఉల్లిపాయలు, తాడు, వల, ఇంజన్ ఆయిలు, వేటకెళ్ళే బోటుకి ఏం కావాలంటే అది ఎక్కిస్తాం. డబ్బులు అప్పుడు రావు. బోటు వారానికో రెండు వారాలకో తిరిగొచ్చి, చేపలు వేలంపాటలో అమ్ముడయ్యాక, ఓనరు వచ్చి కూర్చుని లెక్క చూసుకుంటాడు. ఈ లెక్కంతా మా బాబాయి రాసే పుస్తకాల్లో ఉంది, ఆయన ఊళ్ళో లేని రోజు ఆ రాత చదవడం ఎవరి వల్లా కాదు. అందుకే యాప్.

మా పనిలో ఒక తేదీ ఉంది, అది ఎవరు బతిమాలినా జరగదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం, మరబోట్లన్నీ కట్టేసి ఉంటాయి. పుస్తకాల నుంచి కంప్యూటర్‌కి మారాలంటే అదే అదను, ఖాతాలు కదలవు కాబట్టి. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే మాత్రం అందరూ ఒక్కసారే బయల్దేరతారు, దానికి ముందు రెండు మూడు రోజులు షాపులో నిలబడి అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. ఆ పూటకి యాప్ తయారుగా లేకపోతే ఇంకో ఏడాది ఆగాల్సిందే. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చెప్పుకునే డెడ్‌లైన్లు చాలావరకు ఎవరో మీటింగులో అనేసినవి, ఇది అలాంటిది కాదు.

నేను ఈ షాపులో కూర్చోక ముందు హైదరాబాద్‌లో కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను కాబట్టి, రెండు వైపులా కొంచెం తెలుసు. కొటేషన్లు మూడు తీసుకున్నాం. మధురవాడ వైపు ఒకరు, ద్వారకానగర్‌లో ఒకరు, ఈ సిరిపురం వాళ్ళు. మొదటి ఇద్దరూ రంగురంగుల పీడీఎఫ్‌లు పంపారు, ఒకరిది 45 పనిదినాలు, ఇంకొకరిది 60, కింద స్టాంపు, సంతకం. మా కాటా ఏ కంపెనీదో అడగలేదు, ప్రింటర్ ఎలాంటిదో అడగలేదు, జెట్టీ మీద సిగ్నల్ అందుతుందా లేదా అని చూడలేదు. ఏమీ చూడకుండా 45 ఎక్కడి నుంచి వచ్చిందంటే, నా పాత ఆఫీసులో కూడా అక్కడి నుంచే వచ్చేది: సేల్స్ అతను కస్టమర్ మొహం చూసి ఒక నంబరు చెప్తాడు, తర్వాత ఆ నంబరు వచ్చేలా ఎక్సెల్ షీటు నింపుతారు.

సిరిపురం టీమ్ లీడ్ ఒక అమ్మాయి, ముప్పై లోపే ఉంటుంది. షాపుకి వచ్చి ఓ పూటంతా కౌంటర్ పక్కన స్టూలేసుకుని కూర్చుంది. అన్నీ అడిగింది, రాసుకుంది. బాబాయికి ఓపిక అయిపోయింది.

"అవన్నీ సరే గానీ అమ్మా, ఎప్పటికిస్తావేటి?"

"ఇప్పుడే చెప్పలేను బాబాయిగారూ."

ఆయన నావైపు తిరిగి, ఆ అమ్మాయి వింటుండగానే, "ఏట్రా, తేదీ కూడా తెలీనోళ్ళని తెచ్చావు" అన్నాడు. ఆ అమ్మాయేం నొచ్చుకోలేదు. మా బిల్లు పుస్తకం వెనకాలే మూడు గీతలు గీసింది. ఒక గడిలో జూన్ 15కి ఖాయంగా ఉండేవి: బోటు ఖాతా, బిల్లు, పాత బాకీలు ఎక్కించడం, వీటికి రాసిస్తానంది. రెండో గడిలో కాటా మీది బరువు నేరుగా బిల్లులోకి రావడం, తెలుగులో ప్రింట్ కొట్టడం, వీటి సంగతి రెండు వారాలు పని చేశాక చెప్తానంది. మూడో గడిలో బోటు ఓనరు ఫోన్‌కి బిల్లు మెసేజ్ వెళ్ళడం, "అది మా చేతుల్లో ఉన్నది కాదు, మాటివ్వను." రేటు కూడా ఇంత అని చెప్పలేదు, లక్షన్నర నుంచి రెండున్నర మధ్య అంది, పదిహేను రోజులకోసారి చేసిన పనికి బిల్లు, నచ్చకపోతే ఎక్కడైనా ఆపేయొచ్చు.

బాబాయి ఆ రోజంతా గొణిగాడు. నాకైతే ఆ మూడు గడులు చూశాకే వీళ్ళకి ఇవ్వొచ్చనిపించింది.

ఎందుకో చెప్తాను. బ్యారీ బోమ్ అని అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఖర్చుల లెక్కల మీద పనిచేసిన ఇంజినీరు, ప్రాజెక్టు మొట్టమొదట్లో చెప్పే అంచనా అసలులో నాలుగో వంతు నుంచి నాలుగు రెట్ల దాకా ఎటైనా తేలొచ్చని 1981లోనే చూపించాడు. అంటే రెండు నెలలు అనుకున్నది పదిహేను రోజుల్లో అవొచ్చు, ఎనిమిది నెలలూ పట్టొచ్చు. పని సాగేకొద్దీ ఈ తేడా సన్నబడుతుంది, గీసి చూస్తే గరాటులా ఉంటుంది. వైజాగ్ వాళ్ళకి ఈ బొమ్మ కొత్తది కాదు, వాయుగుండం పట్టినప్పుడల్లా టీవీలో చూసే మ్యాపు అదే. హుద్‌హుద్ అప్పుడు ముందు విశాఖకీ ఒడిశా గోపాల్‌పూర్‌కీ మధ్య ఎక్కడో తీరం దాటుతుందన్నారు, దగ్గరకొచ్చేకొద్దీ విశాఖే అని తేలింది, 2014 అక్టోబర్ 12న మన నెత్తి మీదే దాటింది. మొదటిరోజే ఫలానా వీధి మీద దాటుతుందని ఎవరైనా చెప్పుంటే వాళ్ళని నమ్మేవాళ్ళమా? కాకపోతే ఒక తేడా ఉంది. తుఫాను మనం చేతులు కట్టుకుని కూర్చున్నా దగ్గరకొచ్చి తేలిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లో అనుమానం దానంతట అది తీరదు, ఎవరో ఒకరు కూర్చుని ఆ కష్టమైన ముక్క చేసి చూస్తేనే తీరుతుంది. నేను పనిచేసిన చోట చాలా ప్రాజెక్టుల్లో లాగిన్ పేజీ, రంగులు, లోగో లాంటి తేలికవి ముందు చేసేసి డెమో ఇచ్చేవాళ్ళు, కష్టమైనవి చివరి నెలకి మిగిలేవి, అప్పుడు అందరికీ టెన్షన్.

వీళ్ళు తిరగేసి చేశారు. మొదటి రెండు వారాలు మాకు ఒక్క స్క్రీన్ కూడా చూపించలేదు. కాటా, ప్రింటర్, ఈ రెండింటితోనే కుస్తీ.

కాటా సంగతి వినండి, సరదాగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటా వెనకాల ఆర్‌ఎస్-232 అని ఒక పోర్టు ఉంటుంది, 1960ల నాటి ప్రమాణం, ఇప్పటికీ కాటాల్లో అదే నడుస్తోంది. అందులోంచి బరువు బయటకి వస్తుంది, కానీ ఏ వేగంతో వస్తుంది, 2400 బాడ్ (ఆ వేగానికి కొలత) ఆ, 9600 ఆ, అంకెల ముందు ఏం గుర్తు పెడుతుంది, చివర కేజీ అని పంపుతుందా లేదా, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మా కాటాతో వచ్చిన పుస్తకం ఎప్పుడో పోయింది, అమ్మినతను ఫోనెత్తడు. హార్బర్ ఉప్పు గాలికి పోర్టు పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాళ్ళ కుర్రాడు ఒకడు వచ్చి పిన్నులు గీకి, ల్యాప్‌టాప్ పెట్టుకుని, కాటా మీద ఉల్లిపాయల బస్తా పెట్టి ఒక్కో వేగం మార్చి చూస్తూ కూర్చున్నాడు, స్క్రీన్ మీద చెత్త అక్షరాలు చెత్త అక్షరాలు వచ్చి, ఉన్నట్టుండి బస్తా బరువు వచ్చింది. బాబాయి కూడా లేచొచ్చి చూశాడు. రెండో కాటా, అంటే తాడు, వల తూచే పాతది, దానికి వెనకాల పోర్టు ఉంది గానీ విప్పి చూస్తే లోపల దానికి వైరే లేదు. బయటకి పోర్టులా కనపడే బెజ్జం, అంతే! రెండు వారాల చివర్లో వాళ్ళు చెప్పింది ఇదీ: "మొదటి కాటా జూన్‌కి ఉంటుంది. రెండోదానికి బరువు చేత్తోనే కొట్టుకోండి, దాని మీద ఇంక టైము పెట్టం." ఏప్రిల్‌లోనే తెలిసింది కాబట్టి మాకు ఏ ఇబ్బందీ లేదు. ఇదే జూన్ 13న తెలిస్తే?

ప్రింటర్ దగ్గర మాత్రం వాళ్ళ లెక్క తప్పింది. ఆ అమ్మాయి ఒక్కో పనికి మూడు నంబర్లు వేసేది, అన్నీ కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని, మధ్యదాన్ని నాలుగుతో గుణించి మూడూ కలిపి ఆరుతో భాగించడం. 1950ల చివర్లో అమెరికా నేవీ పొలారిస్ క్షిపణి పనుల కోసం తయారుచేసుకున్న పద్ధతి ఇది. తెలుగు ప్రింట్‌కి 3, 5, 15 వేసింది, ఆరు రోజుల పైచిలుకు వచ్చింది. నిజానికి అది ఆ పదిహేను వైపే వెళ్ళి ఆగింది. కారణం ఏంటంటే థర్మల్ ప్రింటర్లలో ఇంగ్లీషు అక్షరాలు లోపలే ఉంటాయి, పంపితే టకటకా కొట్టేస్తాయి. తెలుగు ఉండదు. పైగా మన గుణింతాలు, ఒత్తులు ఒకదానికొకటి అతుక్కుని కూర్చోవాలి, అక్షరం అక్షరం విడిగా పంపితే కుదరదు. కాబట్టి బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపాలి. మా దగ్గరున్న 58 మిల్లీమీటర్ల రోల్ ప్రింటర్‌కి అడ్డంగా 384 చుక్కలే, అందులోనే బోటు పేరు, సరుకు, రేటు, మొత్తం ఇరకాలి. మొదట్లో వచ్చిన బిల్లుల్లో ఒత్తులు కింద కోసుకుపోయి "గంగమ్మ" కాస్తా "గంగమ" అయి కూర్చుంది. మా దగ్గర గంగమ్మ పేరున్న బోట్లు ఎన్నో. "తల్లి పేరు తప్పు కొడితే ఆ కాగితం ఎవడూ ముట్టుకోడు" అని బాబాయి తేల్చేశాడు. ఇంగ్లీషులో కొట్టేద్దామా అని వాళ్ళు అడగలేదు, అందుకు మెచ్చుకోవాలి. సరిచేశారు. ఇప్పుడు బిల్లు కాస్త నెమ్మదిగా వస్తుంది కానీ ఒత్తులన్నీ ఉంటాయి.

మూడో గడి సంగతి. వాట్సాప్‌లో వ్యాపారం వాళ్ళు తమంతట తాము పంపే మెసేజ్‌కి టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ముందుగా వాట్సాప్ సొంతదారు మెటా ఆమోదించాలి. ఎస్‌ఎంఎస్ అయినా ఇదే తంతు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో సంస్థ పేరు, హెడర్ (పంపేవాళ్ళ గుర్తు), టెంప్లేట్ అన్నీ నమోదు కావాలి. ఇందులో ప్రోగ్రామరు చేసే పని ఒక రోజుది, ఎదుటివాళ్ళ టేబుల్ మీద కాగితం ఎన్నాళ్ళుంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకని కోడ్ ఒక్క లైను రాయకముందే ఆ కాగితాలు కదిపారు. మెసేజ్‌లు జూలైలో మొదలయ్యాయి. ముందే మాటివ్వనన్నారు కాబట్టి ఎవరికీ కోపం రాలేదు. ఇదే జూన్ 15కి ఇస్తామని చెప్పి జూలైలో ఇచ్చుంటే నేనే ఇక్కడ రెండు స్టార్లు వేసి రాసేవాణ్ణి, పని అదే, ఫలితం అదే అయినా.

తేదీ కదలనప్పుడు పని తగ్గాలి, పని తగ్గకూడదంటే తేదీ కదలాలి, వ్యాపారం చేసే వాళ్ళందరం ఇది జీఎస్‌టీలో చూశాం. 2017 జూలై 1 అన్నారు, ఆ రోజే తెచ్చారు. కానీ అనుకున్న రిటర్నులన్నీ రాలేదు, జీఎస్‌టీఆర్-2, జీఎస్‌టీఆర్-3 పక్కన పెట్టేసి, తాత్కాలికం అంటూ 3బీ అని చిన్న ఫారం ఇచ్చారు, అదే ఈ రోజుకీ వేస్తున్నాం. ఈ-వే బిల్లు దగ్గర రెండో దారి పట్టారు, 2018 ఫిబ్రవరి 1న మొదలుపెడితే పోర్టల్ తట్టుకోలేదు, వెనక్కి తీసుకుని రాష్ట్రాల మధ్య రవాణాకి ఏప్రిల్ 1 నుంచి అమలు చేశారు. దేశమంతటి వ్యవస్థకే ఈ రెండు దారులు తప్ప మూడోది దొరకలేదు. బాబాయికి ఈ ఉదాహరణ చెప్తేనే ఆ మూడు గడులు ఎక్కాయి, 3బీ పేరు వింటే ఆయనకి అన్నీ గుర్తొస్తాయి.

అయినా మే మొదట్లో ఆయన ఇంకో కోరిక పెట్టాడు, పాత బాకీల మీద వడ్డీ లెక్క కూడా యాప్‌లోనే రావాలని. ఆ అమ్మాయి కాదనలేదు, "పెడదాం బాబాయిగారూ, బదులుగా వీటిలో ఏది తీసెయ్యమంటారు?" అని లిస్టు ముందు పెట్టింది. ఆయనకి ఏదీ తీసెయ్యాలని లేదు. "ఇంకో ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకో, డబ్బులు నేనిస్తా" అన్నాడు. ఐస్ ఎక్కించే పని అయితే ఆయన మాట నిజమే, ఇద్దరు ఎక్కువొస్తే పని తొందరగా తెమిలిపోతుంది. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్ళకి ఉన్నవాళ్ళే పని ఆపి అన్నీ నేర్పాలి. నలుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకునే జతలు ఆరు, ఆరుగురైతే పదిహేను. ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని 1975లోనే రాశాడు. వడ్డీ లెక్క దసరాకి వాయిదా పడింది. ఆ అమ్మాయి డబ్బులొస్తున్నాయి కదా అని సరే అనేసుంటే నేను నమ్మకం వదులుకునేవాణ్ణి.

గాజువాకలో మా బావకి హార్డ్‌వేర్ షాపు ఉంది. ఆయన వేరేచోట చేయించుకుంటున్నాడు, పక్కా తేదీ ఇచ్చే వాళ్ళ దగ్గర. ఎప్పుడడిగినా తొంభై శాతం అయిపోయింది అంటున్నారట. సాఫ్ట్‌వేర్ వాళ్ళలో పాత జోకు ఒకటుంది, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో టామ్ కార్గిల్ అన్నాడని చెప్తారు, మొదటి తొంభై శాతం పనికి తొంభై శాతం టైము పడుతుంది, మిగిలిన పది శాతానికి ఇంకో తొంభై శాతం పడుతుంది అని. బావ డబ్బులు ముందే ముప్పావు వంతు కట్టేశాడు కాబట్టి ఆయనకి నవ్వు రాలేదు.

ఇక తిట్లు.

మే మధ్యలో వారం పైనే వీళ్ళ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే "చూస్తున్నామండీ" తప్ప ఇంకో మాట లేదు. ప్రింటర్ ఒత్తుల గొడవ అప్పుడు నడుస్తోందని తర్వాత తెలిసింది. కుదిరాక చెప్దామనుకున్నారట. మొదటిరోజే "తెలీదు" అనగలిగిన వాళ్ళకి మధ్యలో "ఇరుక్కున్నాం" అనడానికి మొహమాటం ఎందుకొచ్చిందో నాకు అర్థం కాలేదు. కస్టమర్ దృష్టిలో తెలీదు అనే జవాబుకీ, జవాబే లేకపోవడానికీ చాలా దూరం. ఆ వారం బాబాయి నాతో సరిగ్గా మాట్లాడలేదు, కొత్త ఖాతా పుస్తకాలు కొని తెచ్చి కౌంటర్ మీద కావాలనే నాకు కనపడేలా పెట్టాడు. స్టారు పోయింది ప్రధానంగా దీనికే.

రెండోది, నిషేధం ఎత్తేసే ముందు రోజు. జెట్టీ వైపు సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి యాప్ ఫోన్‌లోనే రాసుకుని, సిగ్నల్ వచ్చాక పైకి పంపేలా చేశారు. మా కుర్రాళ్ళు ఇద్దరు వేర్వేరు ఫోన్లలో ఒకే బోటుకి ఒకే ఐస్ రాశారు, సిగ్నల్ వచ్చాక రెండూ ఎక్కాయి, బిల్లు రెట్టింపైంది. ఈ కేసు వాళ్ళు పరీక్షించి ఉండాల్సింది, పాత టెస్టర్‌గా నాకు ఇది చాలా మామూలు కేసు. పట్టుబడింది ఎలాగంటే, మొదటి నెలంతా పుస్తకం కూడా రాయమని వాళ్ళే ముందుగా చెప్పారు, బాబాయి రాస్తూనే ఉన్నాడు, మొత్తాలు కలవలేదు. ఆ రాత్రే సరిచేశారు, కుర్రాడు షాపులోనే బియ్యం బస్తాల మీద కూర్చుని చేశాడు. బాగానే చేశాడు గానీ, అలా రాత్రి మేలుకుని చేసే పనిని గొప్పగా చెప్పుకునే అలవాటు నాకు హైదరాబాద్‌లోనే పోయింది, ఒక వారం ముందు నాలుగు బోట్ల మీద ట్రయల్ వేసుంటే వాడు ఇంట్లో పడుకునేవాడు.

ఖర్చు రెండు లక్షలకి కాస్త పైన తేలింది, చెప్పిన మధ్యలోనే. 45 రోజుల వాళ్ళ కొటేషన్ కంటే ఎక్కువే. మీకు కదలని తేదీ ఏదీ లేకపోతే, పని మొత్తం ముందే కాగితం మీద స్పష్టంగా ఉంటే, మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రెడీమేడ్‌గా కొనుక్కోండి, ఇంత ఎందుకు పెట్టడం. పెళ్ళిళ్ళ సీజను, పండగ స్టాకు, వేట మొదలు, ఇలా తేదీ గట్టిగా ఉండి, పనిలో ఏముందో విప్పి చూస్తే గానీ తెలియని వాళ్ళకి మాత్రం ఇలాంటి టీమ్ పనికొస్తుంది. ఒకటే షరతు పెట్టుకోండి: ప్రతి శుక్రవారం ఏది అయింది, ఏది ఇరుక్కుంది అని రెండు లైన్ల మెసేజ్. మేము జూన్ తర్వాత పెట్టాం, పంపుతున్నారు.

ఏడాది మెయింటెనెన్స్‌కి ఖర్చులో 18 శాతం అడుగుతున్నారు, బాబాయి పది దగ్గర మొదలుపెట్టాడు, ఆ అమ్మాయి పదిహేనుకి దిగి ఆగింది, బేరం ఇంకా తెగలేదు. తాడు తూచే కాటా కొత్తది కొంటున్నాం, ఈసారి షాపులోనే వెనక మూత విప్పించి లోపల వైరు ఉందో లేదో చూసుకుని తెస్తాం.